ఊపిరి నేర్చుట, నేర్పుట



మన తెలుగు పలుకుబడిలో మనస్సు సంగతి చెప్పవలసినప్పుడెల్ల ఊపిరి మాట వచ్చుచుండును. పని యెక్కువైన ఊపిరి సలుపదందుము. భయము కలిగిన ఊపిరి బిగబట్టుదుము. గండము గడచిన 'అమ్మయ్య' అని ఊపిరి పీల్చుకొందుము. దుఃఖము వచ్చిన నిట్టూర్తుము. ఈ సంబంధమునే ఆధారముగా గొని, శ్వాసను నెమ్మదింపజేసి తద్ద్వారా మనస్సును నెమ్మదింపజేయు విద్య ప్రాణాయామము. పతంజలి చెప్పిన అష్టాంగములలో ఇది నాలుగవది. యమము, నియమము, ఆసనము దీనికి ముందు వచ్చును. స్థిరముగా కూర్చుండుట అలవడిన పిమ్మటనే శ్వాసాభ్యాసమని ఆ వరుసను బట్టి గ్రహింపవచ్చును.

ఈ విద్యను నేర్పుటలోని చిక్కు తెలియుటకు మేడ్చల్ దారిలోని గుండ్లపోచంపల్లిని తలచుకొందము. ఒకప్పుడది పొలముల నడుమనున్న గ్రామము. 2018లో పురపాలక సంఘమైనది. సికింద్రాబాదు నుండి మన్మాడు పోవు రైలుమార్గము మీద దానికి స్టేషను కలదు. ఎగుమతి దుస్తుల తయారీకై ఏర్పడిన పార్కు కలదు. అట్టి ఊరిలో యోగాభ్యాసపు తరగతి పెట్టినచో ఎవరెవరు వచ్చి కూర్చుందురో ఊహింపుడు. నాగలి పట్టిన పెద్దాయన, దినమంతయు కుట్టుమిషను మీద వంగి పనిచేయు ఆడపడుచు, కంప్యూటరు ముందు గంటల తరబడి గడపు యువకుడు, రక్తపుపోటుకు మాత్రలు వాడుచున్న విశ్రాంత ఉద్యోగి, నెలలు నిండుచున్న కోడలు, అందరును ఒకే వరుసలో నుందురు. వీరందరిచేతను ఒకే లెక్కతో ఊపిరి బిగబట్టించుట ప్రమాదము.

శ్వాస లెక్క కొంచెము తెలిసికొన్నచో తొందర యెందుకు వలదో తెలియగలదు. విశ్రాంతిగా నున్న పెద్దవారు నిమిషమునకు 12 మొదలు 20 పర్యాయములు శ్వాసింతురు. ఒక్కొక్క శ్వాసకు లోనికి పోవు గాలి సుమారు 500 మిల్లీలీటర్లు. అందులో 150 వరకు ముక్కు, గొంతు, శ్వాసనాళములలోనే నిలిచి, రక్తమునకు అందకయే వెలికి వచ్చును. నిమిషమునకు 15 శ్వాసలైన, ఊపిరితిత్తుల లోపలి గదులకు చేరునది 5,250 మిల్లీలీటర్లు. శ్వాసకు 1,000 చొప్పున ఆరే శ్వాసలు తీసికొన్నను 5,100 చేరును. కనుక నిదానము వలన గాలికి కొరత రాదు. ప్రాణాయామముతో రక్తములో ప్రాణవాయువు ఎంతో పెరుగునను మాటయు సరికాదు. ఆరోగ్యవంతుల రక్తము మామూలు శ్వాసతోనే దానిని దాదాపు నిండుగా గ్రహించియుండును. 2001లో ఇటలీ పరిశోధకులు 23 మందిచేత మంత్రజపమును, క్రైస్తవుల జపమాల ప్రార్థనను చేయించి చూచిరి. రెంటియందును శ్వాస నిమిషమునకు ఆరింటి దాపునకు దిగి, గుండె లయయు దానితో పొందిక చెందినది.

రోగుల విషయమున 1985లో బెంగుళూరి పరిశోధకులు ఆర్. నాగరత్న, హెచ్.ఆర్. నాగేంద్ర ప్రకటించిన పరిశీలన ప్రసిద్ధమైనది. ఉబ్బసము గల 53 మందికి ఆసనములు, శ్వాసక్రియలు, ధ్యానము నేర్పి, మరి 53 మంది రోగులతో పోల్చగా, నేర్చినవారికి ఉబ్బసపు దాడులు తగ్గినవి, మందుల అవసరమును తగ్గినది. దీనిని విని ఎవరును మందులను తమంత తాము మానరాదు. ఆ నిర్ణయము వైద్యునిది.

హఠయోగప్రదీపికను రచించిన స్వాత్మారాముడు ఎనిమిది కుంభకములను వర్ణించియు, అడవి మృగములను మచ్చిక చేసినట్లు ప్రాణమును మెల్లమెల్లగా వశపరచుకొనవలెననెను. తప్పుగా చేసిన ఎక్కిళ్లు, దగ్గు, శ్వాసరోగము కలుగునని హెచ్చరించెను. నేడు ప్రాణాయామమని పలువురు పిలుచు కపాలభాతిని ఆ గ్రంథము శుద్ధిక్రియలలో చేర్చినది.

మా వృత్తియు ఊపిరి మీదనే నడచునది. వాక్యము ముగియక మునుపే ఊపిరి చాలనిచో మైక్రోఫోను పట్టియిచ్చును. అయినను మా మాట మీ చెవికి చేరును గాని, మీ ముఖము మాకు కానరాదు. అభ్యాసి భుజములు బిగిసినవో, కన్నులు తిరుగుచున్నవో చూడజాలని వారు కుంభకము నేర్పరాదు. కావున రేడియో ద్వారా మేము చెప్పదగినది ఇంతియే.

భోజనమైన వెంటనే గాక, కడుపు తేలికగా నున్నప్పుడు వెన్ను నిలిపి కూర్చుండుడు. కుర్చీయైనను చాలును. ఒక చేయి పొట్టపై నుంచుడు. ముక్కుతో మూడు లెక్కించునంతసేపు గాలి పీల్చుడు. చేతి క్రింద పొట్ట లేవవలెను. నాలుగైదు లెక్కించునంతసేపు మెల్లగా విడువుడు. బిగబట్టవలదు. ఐదు నిమిషములు చాలును. తల తిరిగినను, ఆయాసము తోచినను మాని మామూలుగా శ్వాసింపుడు. గుండెజబ్బు, అధిక రక్తపుపోటు, గిలక, నీటికాసులు గలవారును, గర్భవతులును వైద్యుని అడిగిన పిమ్మటనే ఆరంభింపవలెను. కుంభకము, భస్త్రిక, కపాలభాతి మాత్రము ఎదుట కూర్చున్న గురువు వద్దనే నేర్వవలెను.

మీ ఊరిలో నేర్పువారున్నచో, చేరుటకు ముందు ఒక పూట దూరముగా కూర్చుండి చూడుడు. కొత్తవారిని వారి ఆరోగ్యమును గూర్చి అడుగుచున్నారా? నీరసించిన వారిని ఆపి విశ్రాంతి నిచ్చుచున్నారా? ఎంతసేపు బిగబట్టితివని గాక, ఎట్లున్నదని అడుగుచున్నారా? అట్టివారు దొరికిన నిశ్చింతగా చేరుడు. దొరుకువరకు ఆ ఐదు నిమిషముల అభ్యాసమును విడువకుడు.

సెలవు.