చదివేవాడి ఖర్చు



ఈ గ్రంథాలయ వారోత్సవాల్లో నన్ను ఆన్‌లైన్ చర్చల మర్యాదల గురించి మాట్లాడమన్నారు. ఆ సంగతి లైబ్రరీలో మాట్లాడుకోవడమే బాగుంది. అదిగో, గోడ మీద "నిశ్శబ్దం పాటించండి" అని రాసి ఉంది. కానీ పేపర్లు పరిచిన బల్ల దగ్గర ఒకాయన జిల్లా పేజీ చదువుతుంటే భుజం మీంచి తొంగిచూడకూడదనీ, ఆయన చేతిలో లేని పేజీలు అడిగి తీసుకోవచ్చనీ, పజిల్ గళ్లు పెన్నుతో నింపేసి పోకూడదనీ ఎక్కడా రాసిలేదు. అయినా రోజూ వచ్చేవాళ్లకు తెలుసు. కొత్తగా వచ్చినవాడు నాలుగు రోజులు పక్కన కూర్చుని చూస్తే వాడికీ తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో ఆ నాలుగు రోజులు ఎలా ఉండేవి, ఎటు పోయాయి అన్నదే ఇవాళ నేను చెప్పదలచుకున్నది.

ఈ చర్చలు వాట్సాప్‌తో పుట్టలేదు. 1979లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ యూజ్‌నెట్ అనే ఏర్పాటు ఆలోచించారు. మరుసటి ఏడాదికి అది నడకలో పడింది. ఒక యూనివర్సిటీ కంప్యూటరు ఇంకో యూనివర్సిటీ కంప్యూటరుకు ఫోన్ చేసి, ఆ రోజు పోగైన సందేశాలన్నీ దానికి అందించేది. కాల్ రేట్లు తక్కువని ఎక్కువగా రాత్రిళ్లు చేసేవి. ఆ ఫోన్ బిల్లు ఎవరో ఒకరు కట్టాల్సిందే. పెర్ల్ అనే కంప్యూటరు భాష సృష్టించిన లారీ వాల్ అంతకుముందు యూజ్‌నెట్ చదువుకోవడానికి ఒక ప్రోగ్రాం రాశారు. అందులో ఏదైనా రాసి పంపబోతే ముందుగా ఒక హెచ్చరిక ఎదురొచ్చేది. ఇది వేల కంప్యూటర్లకు వెళుతుంది, దీన్ని మోయడానికి వందల డాలర్లో వేల డాలర్లో ఖర్చవుతుంది, నిజంగానే పంపుతారా అని అడిగేది. ఇప్పుడు ఏ యాప్ అయినా మనల్ని అలా అడుగుతుందా? పైగా "మీ మనసులో ఏముంది" అని గిల్లి మరీ రాయిస్తుంది.

అప్పటి మర్యాదల్లో చాలావాటికి మూలం ఆ బిల్లే. సందేశం చివర పేరూ ఊరూ రాసుకునే సంతకం నాలుగు లైన్లు దాటకూడదనేవాళ్లు. ఎదుటివాడు రాసిన వంద లైన్లు యథాతథంగా అతికించి అడుగున "అవును, నిజమే" అని రాస్తే తిట్టేవాళ్లు. మామూలు ప్రశ్నలకు జవాబులు ముందే ఒకచోట రాసిపెట్టి, అవి చదివాకే అడగమనేవాళ్లు. సినిమా ముగింపు చెప్పాల్సివస్తే అక్షరాలన్నిటినీ పదమూడు స్థానాలు జరిపి రాసేవాళ్లు. కావాలనుకున్నవాడు మళ్లీ పదమూడు జరుపుకుని చదువుకోవచ్చు, మిగతావాళ్లకు గజిబిజిగా కనిపిస్తుంది. విడుదల రోజు మొదటాట చూసొచ్చి క్లైమాక్స్ గ్రూపులో పెట్టేసే మన కుర్రాళ్లకు ఇది నేర్పాలని నాకు చాలాకాలంగా కోరిక.

1995 అక్టోబరులో ఇంటెల్ కంపెనీలో పనిచేసే శాలీ హాంబ్రిడ్జ్ ఈ అలవాట్లన్నీ గుదిగుచ్చి ఒక పత్రంగా ప్రకటించారు. ఆర్ఎఫ్‌సీ 1855 అని దానికి నంబరు. సంతకం నాలుగు లైన్లే ఎందుకో అందులో స్పష్టంగా ఉంది: చాలామంది నిమిషాల లెక్కన డబ్బు కట్టి చదువుతున్నారు, మీరెంత పొడుగు రాస్తే వాళ్లకంత బిల్లు. మన దేశంలో వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది కూడా ఆ ఏడాదే, ఆగస్టు 15న. డయలప్ రోజులు చూసినవాళ్లకు ఆ బిల్లు సంగతి నేను చెప్పక్కర్లేదు. నెట్ వాడుతున్నంతసేపూ ఇంటి ఫోను ఎంగేజే.

ఆ పత్రం రావడమే నాకు ఒక గుర్తుగా కనిపిస్తుంది. అందరూ పాటిస్తున్నదాన్ని ఎవరూ పనిగట్టుకుని రాసిపెట్టరు. 1995 నాటికి ఆ అలవాట్లు జారిపోతున్నాయి, అందుకే రాయాల్సివచ్చింది. ఎందుకు జారాయి? అమెరికా యూనివర్సిటీల్లో సెప్టెంబరులో చదువులు మొదలవుతాయి. ఏటా ఆ నెలలో కొత్త విద్యార్థులు యూజ్‌నెట్‌లోకి వచ్చి నానా గందరగోళం చేసేవాళ్లు. పాతవాళ్లు విసుక్కునేవాళ్లు, కాస్త గడ్డిపెట్టేవాళ్లు. రెండు నెలలు తిరిగేసరికి కొత్తవాళ్లు దారిలో పడేవాళ్లు. ఆ తర్వాత అమెరికా ఆన్‌లైన్ లాంటి కంపెనీలు తమ చందాదారులందరికీ తలుపులు తీసేశాయి. కొత్తవాళ్లు ఏడాదికొకసారి కాదు, రోజూ వరదలా వచ్చారు. అందుకే 1993 సెప్టెంబరు ఇప్పటికీ ముగియలేదని పాతకాపులు అంటుంటారు. ఆ వచ్చినవాళ్లు మర్యాద తెలియని మనుషులేమీ కాదు. చూసి నేర్చుకోవడానికి వాళ్ల ముందు తగినంతమంది పాతవాళ్లు లేరు, అంతే.

అందుకే కాలేజీకో కాలనీకో కొత్త గ్రూపు పెడతామని ఎవరైనా సలహా అడిగితే, నియమాల జాబితా గురించి నేను పెద్దగా మాట్లాడను. జాబితా ఎవరూ చదవరు. ముందు నలుగురైదుగురు చేరి కొన్నాళ్లు పద్ధతిగా మాట్లాడుకోండి, ఆ తర్వాత కొద్దికొద్దిగా మనుషుల్ని చేర్చుకోండి అంటాను. ఒకే సాయంత్రం రెండు వందల నంబర్లు ఎక్కిస్తే ఆ గ్రూపుకు తొలిరోజు నుంచీ సెప్టెంబరే.

ఇక మన తెలుగువాళ్ల సంగతి. 1990ల మొదట్లోనే యూజ్‌నెట్‌లో మనకంటూ ఒక చర్చాస్థలం ఉండేది. దాని పేరు సాక్ కల్చర్ ఇండియన్ తెలుగు. తెరమీద తెలుగు లిపి కనిపించని కాలం కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లం. అందుకు హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ నుంచి ఆర్‌టీఎస్ అనే పద్ధతి వచ్చింది. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఇంగ్లీషు చర్చల్లో అన్నీ పెద్ద అక్షరాలతో రాస్తే అరిచినట్టు లెక్క. హాంబ్రిడ్జ్ పత్రంలోనూ ఆ మాట ఉంది. కానీ ఆర్‌టీఎస్‌లో పెద్ద అక్షరం లేకపోతే పని నడవదు. చిన్న టీ వేస్తే త, పెద్ద టీ వేస్తే ట. పెద్ద టీ మరిచిపోతే ఘంటసాల పాట కాస్తా పాత అయిపోతుంది. పెద్ద ఎల్ మరిచిపోతే కవిగారి నాయిక కళ్లు కల్లవుతాయి, కవిగారు కల్లెర్రజేస్తారు. బయటివాడు చూస్తే ఈ తెలుగువాళ్లు మాటమాటకీ ఒక అక్షరం దగ్గర అరుస్తున్నారేమిటి అనుకునేవాడేమో. మనకది అరుపు కాదు, వర్ణక్రమం. ఒకచోటి మర్యాద ఇంకోచోట చెల్లదనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇంగ్లీషువాడికి లేని ఇంకో చిక్కు మనకుంది. ముక్కూ మొహం తెలియనివాడితో మాట్లాడాలంటే నువ్వు అనాలా, మీరు అనాలా? ఎదుటివాడి వయసు తెలియదు. పేరు చూస్తే తాతగారి పేరు పెట్టుకున్న పదహారేళ్ల కుర్రాడే కావచ్చు. ఎవరూ తీర్మానం చేయకుండానే మనవాళ్లు దీన్ని పరిష్కరించుకున్నారు. అందరూ గారే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో రచ్చబండ అనే చర్చాపేజీ ఉంది. వెళ్లి చూడండి. వ్యాసం ఉంచాలా తీసెయ్యాలా అని హోరాహోరీగా వాదించుకుంటూ కూడా గారూ, గారూ అనుకుంటారు. అలా పిలిచాక తిట్టడం కొంచెం కష్టమవుతుంది. పూర్తిగా అసాధ్యం కాదు, "తమరి పాండిత్యానికి జోహార్లు" అన్న మాట నేను చాలాసార్లు చూశాను.

సరే, వాట్సాప్ దగ్గరికి వద్దాం. ఇక్కడ అసలు ఇబ్బంది ఏమిటంటే, చాలాసార్లు మనం గ్రూపులోకి మన కాళ్లతో నడిచి వెళ్లం, ఎవరో మన నంబరు ఎక్కిస్తారు. ఎక్కాక పాత సంభాషణ మామూలుగా కనిపించదు. యూజ్‌నెట్‌లో ఏదైనా రాసేముందు ఒకటి రెండు నెలలు ఊరికే చదవమని సలహా ఇచ్చేవాళ్లు. ఇక్కడ ఊరికే చదువుదామంటే వెనక్కి పేజీలే లేవు. నేను మొదట్లో అన్న నాలుగు రోజులు పోయింది ఇక్కడే.

నాకు తెలిసిన ఒక అపార్ట్‌మెంట్ గ్రూపులో తెల్లవారుజామున నాలుగో అంతస్తు అబ్బాయి రాశాడు: "నాన్నగారు రాత్రి కాలం చేశారు. పదకొండింటికి తీసుకెళతాం." దాని కింద వరసగా ఓం శాంతిలు, చేతులు జోడించిన బొమ్మలు. ఆ వెంటనే మంచు బిందువులున్న ఎర్ర గులాబీ, "శుభోదయం, మీ రోజు ఆనందంగా సాగాలి." పంపినాయన చెడ్డవాడు కాదు. పొద్దున్నే ఉన్న గ్రూపులన్నిటికీ వరసపెట్టి పంపుతారు, లోపల ఏముందో తెరిచి చూడరు. ఆ కింద ఇంకొకాయన: "వాటర్ ట్యాంకర్ వస్తుందా రాదా? సెక్రటరీ జవాబు చెప్పాలి." ఈ రెండోది నాకు తప్పనిపించలేదు. నీళ్లు లేకపోతే ఆ ఇంటికి వచ్చే చుట్టాలకే ముందు ఇబ్బంది. అప్పుడు మొదటి అంతస్తు ఆవిడ ఒకరు రాశారు: "ట్యాంకర్ తొమ్మిదికల్లా వస్తుంది, వాచ్‌మన్‌తో మాట్లాడాను. ఇవాళ ఎవరికేం కావాలన్నా నాకు ఫోన్ చేయండి, గ్రూపులో వద్దు." గులాబీ ఊసే ఎత్తలేదు. కాసేపటికి గులాబీ దానంతటదే మాయమైంది. ఆవిడ అడ్మిన్ కూడా కాదు.

పెద్దవాళ్లు పంపే ఫార్వర్డుల గురించి అందరూ అడుగుతారు. పెదనాన్న ఏదో అబద్ధపు కబురు పంపాడు. తమ్ముడి కొడుకు "ఫేక్" అని ఒక్క ముక్క రాసి లింకు పడేశాడు. కబురు తప్పని తేలింది గానీ, ఆ తర్వాత ఒక పెళ్లిలో పెదనాన్న వాడిని పలకరించలేదు. అదే ఫోన్ చేసి, "పెదనాన్నా, మీరు పంపినదాంట్లో తేదీ లేదు, వెతికితే పాతదని తేలింది. మీరే గ్రూపులో ఒక మాట రాయండి" అంటే ఆయనే దిద్దుతాడు. ఒక మనిషికే సంబంధించిన జవాబు ఆ మనిషికే పంపమని యూజ్‌నెట్ వాళ్లూ అనేవాళ్లు. అయితే ఈ మర్యాదకు నేనొక హద్దు పెడతాను. ఇన్సులిన్ మానేసి ఫలానా ఆకు నమలండి అని వస్తే ఫోన్ చేసేదాకా ఆగకండి, ఎంత పెద్దాయన పంపినా అక్కడే తప్పని చెప్పండి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వచ్చిన ఫార్వర్డులు నమ్మి, మన తెలుగు నేల సహా దేశంలో చాలాచోట్ల జనం అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ తర్వాతే వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. ఆ కబురు మొదట చూసిన గ్రూపుల్లో ఎంతమంది అనుమానపడి కూడా పెద్దవాళ్ల ముందు మనకెందుకులే అని ఊరుకున్నారో.

కోపం గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. మనసు ఉడికిపోయి రాసిన జవాబును ఒక రాత్రి ఆగి పంపమని 1995 నాటి పత్రం చెప్పింది. 2023లో వాట్సాప్, పంపేసిన సందేశాన్ని దిద్దుకోవడానికి 15 నిమిషాలు ఇచ్చింది. రాత్రికీ పావుగంటకీ ఉన్న తేడా చూడండి. ఒకటి పంపకముందు ఆగమంటుంది, రెండోది ముందు పంపు, తర్వాత చూసుకుందాం అంటుంది. పూర్తిగా తీసెయ్యడానికి రెండు రోజులకు పైగా గడువుంది, కానీ తీసేసిన చోట తీసేసినట్టు గుర్తు మిగులుతుంది. మా బంధువుల గ్రూపులో ఆ గుర్తు కనబడిందంటే చాలు, ఫోన్లు మొదలు: "ఏం పెట్టాడు? నువ్వు చూశావా? మా గురించేనా?" సందేశం ఉంచేసి ఉంటే సగంమంది చదివేవాళ్లే కాదు. చూసినవాళ్లలో ఒకరు ఎలాగూ స్క్రీన్‌షాట్ తీసి ఉంటారు. ఇంతకీ ఆ స్క్రీన్‌షాట్ ఎవరికి పంపవచ్చు, ఎవరికి పంపకూడదు అన్నదానికి ఇంకా ఎక్కడా ఒక పద్ధతి కుదరలేదు. దాని మీద మీ ఊళ్లో, మీ గ్రూపుల్లో ఏం నడుస్తోందో వినాలని ఉంది. మైకు అటు పంపండి.