ముందు జాగ, తర్వాతనే ఇల్లు

(గ్రామీణ పేదల ఇండ్ల సమస్య మీద విద్యార్థులు, ఉద్యోగులు జరుపుకున్న సభలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



ఊర్లల్ల పేదోళ్ల ఇండ్ల గురించి మాట్లాడమన్నరు. ఇల్లు అనంగనే మనందరికీ ఒక్కటే యాదికొస్తది, పథకం. ఏ పథకం, ఎంత పైకం, బిల్లు ఎప్పుడొస్తది? ఇందిరా ఆవాస్ యోజన 1985ల వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంల 2006ల ఇందిరమ్మ పథకం వచ్చింది. తెలంగాణ వచ్చినంక 2015ల డబుల్ బెడ్రూం ఇండ్లు మొదలైనయి. 2023ల గృహలక్ష్మి అన్నరు, ఎన్నికలైనంక 2024 జనవరిల దాన్ని రద్దు చేసిండ్రు. 2024 మార్చి 11న భద్రాచలంల మళ్ల ఇందిరమ్మ ఇండ్లను మొదలుపెట్టిండ్రు. పేర్లు మారినయి, ఫ్లెక్సీల మీద బొమ్మలు మారినయి. నడిచే తీరు మాత్రం మారలేదు. రాజధానిల కూసోని ఒక నమూనా గీస్తరు, దానికో రేటు కడ్తరు, నియోజకవర్గానికి ఇన్ని అని పంచుతరు, కింద లిస్టు తయారైతది. ఈ లిస్టునే మనం ప్రణాళిక అనుకుంటున్నం.

మరి ప్రణాళిక అంటే ఏందని మీరు అడగొచ్చు. ఒక ఊరు తీసుకోండ్రి. ఆ ఊర్ల ఇల్లు లేని కుటుంబాలెన్ని? ఒక్క కప్పు కింద ఎన్ని పొయ్యిలు మండుతున్నయి? వచ్చే పదేండ్లల్ల పెండ్లిళ్లయి వేరుపడేటోళ్లెందరు? వాళ్లకు జాగ ఏ దిక్కున ఉన్నది, ఆ దిక్కుకు మోరి, నీళ్ల పైపు, కరెంటు స్తంభం ఎప్పుడు పోతయి? ఈ లెక్క మన పంచాయతీల్ల ఎన్నింటి దగ్గర ఉన్నది? పన్ను రసీదు బుక్కు ఉంటది, ఈ లెక్క ఉండదు. పెండ్లయి వేరుపడ్డ కొడుకు పేరు తండ్రి రేషన్ కార్డులనే ఉన్నదనుకోండ్రి, సర్కారు లెక్కల ఆ ఇల్లు ఒక్కటే కుటుంబం. ఇంట్ల మాత్రం ఇద్దరు కోడండ్లు, రెండు పొయ్యిలు, ఒక్కటే అర్ర.

అన్నిటికన్న ముందుగాల జాగ. ఇప్పటి ఇందిరమ్మ ఇండ్లల్ల మొదటి విడత సొంత జాగ ఉన్నోళ్లకే అన్నరు. సర్కారుకు అది అల్కటి పని. కని అసలు నిరుపేద అంటే ఎవరు? జాగ లేనోడే గదా! శిఖం భూమిల గుడిసె వేసుకున్నోడు, అన్నదమ్ముల నడుమ ముప్పై గజాలు దక్కినోడు, వాడ చివర పట్టా భూమి గెట్టు తగిలి ఇంక జరగ జాగ లేని దళితులు. చిన్నల చిన్న ఇల్లు నాలుగు వందల చదరపు అడుగులుండాలని నిబంధన. అంటే గోడల కిందికే నలభై అయిదు గజాలు పోతయి. ముప్పై గజాలోడు ఎక్కడ కడ్తడు?

మన ఊర్లల్ల గ్రామకంఠం ఎప్పటి సర్వేల గీసిన గీతనో చూడుండ్రి. నిజాం కాలం నాటి ఆ గీత లోపల్నే ఇయ్యాల్టి జనాభా బతుకుతున్నది. గీత దాటితే పట్టా భూమి, రోడ్డు పక్కకైతే రియల్ ఎస్టేటు రాళ్లు. వ్యవసాయ భూములకు 2020ల ధరణి తెచ్చిండ్రు, 2025ల భూభారతి తెచ్చిండ్రు. ఊరి నడిమి జాగల గురించి అంత లొల్లి ఎవరూ చెయ్యలేదు. తాతల నాటి ఇంటికి చాలామంది చేతుల ఉన్నది ఇంటిపన్ను రసీదు ఒక్కటే. ఊరికి ఆనుకొని ఉన్న నాలుగెకరాలు కొని, ప్లాట్లు చేసి, తొవ్వలు తీసి పంచే ఖర్చు ఇండ్ల బడ్జెట్ల ఒక తప్పనిసరి పద్దుగ ఉంటే తప్ప ఈ ముడి విడదు. ఎకరానికి 4,840 గజాలు. తొవ్వలకు, మోర్లకు, ఇంత చెట్టు నీడకు సగం తీసేసినా, కుటుంబానికి వంద గజాల లెక్కన ఎకరంల ఇరవై నాలుగు ఇండ్లు పడతయి. ఒక మామూలు ఊరికి ఇది మోయలేని భారమా?

ఇగ పైకం సంగతి. అయిదు లక్షలు ఇస్తున్నం అన్నరు, మంచిదే. కేంద్రం వాటా చూడుండ్రి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద 2016ల మైదాన ప్రాంతపు ఇంటికి 1,20,000 రూపాయలని పెట్టిండ్రు. 2024ల ఇంకో రెండు కోట్ల ఇండ్లకు ఒప్పుకున్నప్పుడు కూడ అదే రేటు. ఆ ఎనిమిదేండ్లల్ల సిమెంటు సంచి, సలాక, సుతారి కూలి ఎక్కడికి పోయినయో ఇల్లు కట్టినోళ్లను అడగండ్రి. దాని ముందట రాష్ట్రం అయిదు లక్షలు మెరుగే. అయితే అది చేతికొచ్చే వరుసల తిరకాసున్నది. 2024 మార్గదర్శకాల ప్రకారం బేస్‌మెంటు అయినంక లక్ష, గోడలు కప్పు దాక లేసినంక లక్ష, స్లాబు పడ్డంక రెండు లక్షలు, అంతా అయినంక లక్ష. ప్రతి దగ్గర ‘అయినంక’ ఉన్నది. అంటే ముందు పెట్టుబడి పేదోడు పెట్టాలె.

ఒక బీడీలు చేసే తల్లినే లెక్కలకు తీసుకుందాం. పాత గూనపెంకుల ఇల్లు కూలగొట్టాలె. ఆరు నెలలు కిరాయికుండాలె. ఇసుక ఉచితమన్నా ట్రాక్టరు కిరాయి ఉచితం కాదు. పునాది తీసి బేస్‌మెంటు లేపాలంటే చేతుల పైసలుండాలె. నూటికి మూడు రూపాయల మిత్తికి లక్ష తెచ్చిందనుకోండ్రి, నెలకు మూడు వేలు. బిల్లు నాలుగు నెలలు ఆలస్యమైతే పన్నెండు వేలు మిత్తికే పోయినయి. ఆ పైసలతోని దర్వాజలు, కిటికీలు వస్తుండె. గందుకే ఎకరమో రెండెకరాలో ఉన్నోడు ఇల్లు ముగించుకుంటడు, ఏమీ లేనోని పిల్లర్లకు సలాకలు తుప్పు పడ్తుంటయి. తర్వాత అధికారులు రాస్తరు, ‘లబ్ధిదారుడు ఆసక్తి చూపలేదు’ అని! మొదటి కిస్తు ముందే ఇయ్యాలె, కనీసం సిమెంటు, సలాక రూపంల. ఊర్ల మహిళా సంఘాలున్నయి, వాళ్ల తీర్మానం మీద బయానా ఇస్తే మునిగేదేమున్నది?

డబుల్ బెడ్రూం ఇంట్ల ఈ బాధ లేకుండె, పేదోడు పైస పెట్టే పని లేదు. 560 చదరపు అడుగులు, ఊర్లల్ల ఇంటికి 5.04 లక్షల రేటు. ఆ రేటు గిట్టదని చాలా దగ్గరల కాంట్రాక్టర్లు టెండర్లకే రాలేదు. ఇల్లు మంచిగనే ఉన్నది, వచ్చిన ఊర్లు తక్కువ.

నమూనాలు గీసేటోళ్లకు ఇంకో మాట. ఊరోని ఇల్లు పండుకునేటందుకే కాదు. పత్తి ఏరినంక అర్రల్నే పోస్తరు, మేకలను గోడ పక్కకు కట్టేస్తరు. బీడీలు చేసే ఆడోళ్లకు వెలుతురున్న సాయబాన్ కావాలె, గుంట మగ్గం నేసే పద్మశాలికి నేల మీద గుంట కావాలె. ఎండకాలం స్లాబు కింద మధ్యాన్నం ఎవరన్న కూసోగలుగుతరా? తాండూరుల బండ ఉన్నది, జహీరాబాద్ దిక్కు ఎర్రరాయి ఉన్నది. కేరళల లారీ బేకర్ ఇటుకలను నిలబెట్టి, నడుమ ఖాళీ వదిలి గోడలు కట్టించిండు. ఇటుకలు తక్కువ పడ్తయి, లోపలికి ఎండ వేడి తక్కువొస్తది. మన సుతారులకు ఇది నేర్పుడు కష్టమా? ఏ సామాను వాడాలన్న నిర్ణయం జిల్లాకు, ఊరికి వదిలిపెడితే సాలు.

మనోళ్లే చేసి చూపెట్టిన పని ఒకటున్నది. షోలాపూర్‌కు వలసపోయిన తెలుగు పద్మశాలీలు మనకు తెలుసు. అక్కడి బీడీ కార్మిక మహిళలు సహకార సంఘం పెట్టుకొని, నర్సయ్య ఆడం నాయకత్వంల ఏండ్ల తరబడి కొట్లాడి, కుంభారి గ్రామం దగ్గర పదివేల ఇండ్లు సాధించుకున్నరు. ఇంటికి అరవై వేలు: కేంద్రం ఇరవై, రాష్ట్రం ఇరవై, కార్మికురాలు ఇరవై. 2006ల ప్రధాని మన్మోహన్ సింగ్ తాళాలిచ్చిండు. ఆ తొవ్వల్నే అసంఘటిత కార్మికులకు ముప్పై వేల ఇండ్ల రే నగర్ లేసింది. అందుల 15 వేల ఇండ్లను 2024 జనవరిల ప్రధాని మోదీ అప్పజెప్పిండు. అక్కడ కార్మికులు ఒక్కొక్కలుగ దరఖాస్తు పట్టుకొని తిరగలేదు, సంఘంగ కూసోని జాగ, పైకం, వాటా మాట్లాడుకున్నరు.

మనకాడ? 2025 మొదట్ల ఇందిరమ్మ ఇండ్ల లిస్టులు గ్రామసభల్ల చదివినప్పుడు ఊర్లల్ల సర్పంచులే లేరు. వాళ్ల పదవీకాలం ఏడాది కిందనే అయిపోయింది. ప్రత్యేకాధికారి, ఇందిరమ్మ కమిటీ కలిసి లిస్టు పెడితే జనం లొల్లి చేసిండ్రు. చెయ్యకేం చేస్తరు? 2025 డిసెంబర్‌ల పంచాయతీ ఎన్నికలైనయి గనుక ఇప్పుడు అడిగేటందుకు మనిషంటూ ఉన్నడు.

సకల జనుల సమ్మెల తిరిగినోళ్లు ఇక్కడ చాలామంది ఉన్నరు. విద్యార్థులు సెలవులకు ఊరికి పోయినప్పుడు పది రోజులు కూసోని పొయ్యిల లెక్క తియ్యండ్రి, ఇల్లిల్లు తిరిగి. ఉద్యోగులు ఊరి నక్ష ముందటేసుకొని సర్కారు భూమి ఎక్కడున్నదో, ఎవరి చేతుల ఉన్నదో చదివి చెప్పండ్రి, మీకు ఆ భాష వస్తది. రెండూ కలిపి గ్రామసభల పెట్టి తీర్మానం రాయించుండ్రి. నక్ష ఇయ్యమంటే సమాచార హక్కు చట్టం ఉన్నది. పంచాయతీల దరఖాస్తుకు రుసుమే లేదు, మండలంల అయితే అయిదు రూపాయలు.