తల్లిని చూసి చేపపిల్లను కొనండి

(మండల రైతుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

మిరప నారు దెబ్బతింటే విత్తనం ఏ కంపెనీది, లాట్ నంబరెంత అని నిలదీస్తాం. నకిలీ పత్తి విత్తనం మీద ఎన్నిసార్లు రోడ్డెక్కామో మీకు చెప్పక్కర్లేదు. రేపల్లె, నిజాంపట్నం వైపు చెరువులో చేపపిల్ల చస్తే మాత్రం “నీ నీళ్లే బాగాలేవు” అంటాడు హేచరీ ఆసామి. మనం తలొంచుకుని ఇంటికొస్తాం. నీళ్ల లోపం ఉండొచ్చు, కాదనను. కానీ చాలాసార్లు ఆ చావు తల్లి కడుపులోనే మొదలవుతుంది.

శీలావతి గుడ్డు ఒక్క రోజులోపే పిల్లవుతుంది. ఆ పిల్ల మొదటి మూడు రోజులు దాదాపుగా బయటి తిండి తినదు. పొట్టకింద ఉన్న సొన సంచే దాని సద్దిమూట. ఆ మూట కట్టేది తల్లి. గుడ్డు తయారయ్యే నెలల్లో తల్లికి మాంసకృత్తులు, కొవ్వు, విటమిన్లు సరిగా అందకపోతే మూట చిక్కిపోతుంది. ఉత్త తవుడుతో నెట్టుకొచ్చిన తల్లి కూడా లక్షల గుడ్లు పెట్టొచ్చు. నాలుగో రోజుకు ఎన్ని పిల్లలు ఈదుతున్నాయన్నదే లెక్క.

1957లో హీరాలాల్ చౌధురి ఒడిశాలో పిట్యూటరీ ఇంజెక్షన్‌తో చేపలను ఈనించారు. అంతకుముందు ఏట్లో దొరికిన పిల్లే దిక్కు. అది గొప్ప మేలు. అయితే తల్లి ఎప్పుడు ఈనాలో తేల్చే అధికారం అప్పటినుంచి సూది చేతికి వచ్చింది. గుడ్డు ముదరకముందే పొడవడం, తేరుకోనివ్వకుండా అదే తల్లిని మళ్లీ ఈనించడం, ఒకే కాన్పు పిల్లలను పెంచి వాటినే మళ్లీ జతకట్టడం సాగుతున్నాయి. చివరిది మేనరికం కూడా కాదు, అంతకన్నా దగ్గర. ఎదగని పిల్లలు, వంకర వెన్నులు అలా కూడా వస్తాయి. భువనేశ్వర్‌లోని సీఫా సంస్థ 1992లో జయంతి రోహు పని మొదలుపెట్టినప్పుడు గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర శీలావతులను తెచ్చి కలిపింది. కొత్త రక్తం కోసమే కదా!

మన రాష్ట్రంలో ఆక్వా విత్తన నాణ్యత చట్టం 2006లోనే వచ్చింది. 2020లో ఆప్సడా చట్టమూ వచ్చింది. కాబట్టి మనం అడిగేది కొత్తదేం కాదు. తల్లుల వయసు, ఎక్కడినుంచి తెచ్చారు, ఈ ఏడు ఎన్నోసారి ఈనించారు, ఈ మూడూ రసీదు మీద రాసివ్వాలి.

ఈసారి పిల్ల కొనేవాళ్లు నలుగురు కలిసి ముందుగానే హేచరీకి వెళ్లండి. తల్లుల చెరువులో వల వేయించి చూడండి. రసీదు మాత్రం వదలొద్దు. రేపు పిల్ల చస్తే అధికారి ముందు పెట్టడానికి మన చేతిలో ఉండే కాగితం అదొక్కటే.