జాబుల పెట్టెకు కావలి



నేడు పాల సంఘములకును, విత్తనముల వర్తకులకును, దేవాలయములకును సైతము వెబ్‌సైటులు వెలసినవి. వానిలో పెక్కింటియందు ఒక చిన్న పత్రము కనబడును. పేరును, చెప్పదలచిన మాటను వ్రాసి మీట నొక్కినయెడల ఆ జాబు నిర్వాహకులకు చేరును. అది వీధిగోడకు తగిలించిన జాబుల పెట్టె వంటిది. ఎవ్వరైనను వేయవచ్చును. చిక్కంతయు నందే యున్నది.

ఏలయన, జాబులు వేయువారందఱును మనుష్యులు కారు. బాట్ అను కంప్యూటరు ప్రోగ్రాములు రేయింబవళ్లు వెబ్‌సైటులను గాలించుచు, పత్రము కనబడినచోట నెల్ల అప్పుల ప్రకటనలు, జూదములకు పిలుపులు, మోసపు లంకెలు నింపి పోవును. దీనినే స్పామ్ అందురు. స్పామ్ అనునది మొదట డబ్బాలో నమ్ము మాంసము పేరు. 1970లో ఒక ఆంగ్ల హాస్యనాటికలో ఆ మాటను విసుగు పుట్టునంతగా వల్లించుటచే, ఈ చెత్తకును అదే పేరు స్థిరపడినది. తెగులు మాత్రము అంతకంటె మిక్కిలి క్రొత్తది కాదు. 1978 మే నెలలోనే అమెరికాయందు ఒక కంప్యూటరు వర్తకుడు, అర్పానెట్ అను నాటి జాలము ద్వారా ఇంచుమించు 400 మందికి ఒక్కపెట్టున ప్రకటన పంపి చీవాట్లు తినెను.

చెత్తను పారవేసిన సరిపోవును గదా యని మీ రనవచ్చును. నూఱు చెత్త జాబుల నడుమ, కొన్న విత్తనములు మొలకెత్తలేదని ఒక రైతు వ్రాసిన జాబుండు ననుకొనుడు. విసిగిన గుమాస్తా నూటొక్కటిని కలిపి తుడిచివేయును. రైతునకు ప్రత్యుత్తరము రాదు, అదును దాటిపోవును.

2000 ప్రాంతమున అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున మాన్యువల్ బ్లమ్, లూయిస్ వాన్ ఆన్ మొదలగువారు క్యాప్చా అను పరీక్షను కల్పించిరి. వంకర యక్షరములను చూపి, చదివి వ్రాయుమనుట దాని పద్ధతి. కాలక్రమమున యంత్రములు ఆ చదువు నేర్చినవి. చూపు మందగించిన మనవంటివారే తడబడుచున్నాము. కావున దానిని మొదటి కావలిగా నుంచుట నాకు సమ్మతము కాదు.

అంతకంటె తెలివైనది హనీపాట్, అనగా తేనెకుండ. పత్రములో అదనముగా ఒక గడి నుంచి, దానిని మనుష్యుల కంటికి మఱుగుపఱతురు. మనిషి దానిని నింపడు. బాట్ దొరికిన గడి నెల్ల నింపి పట్టుబడును. అంధులకు తెరను చదివి వినిపించు సాధనమునకును ఆ గడి తగులకుండ జూడవలెను. దీనికి తోడు, పత్రము తెఱచుటకును పంపుటకును నడుమ కాలమును గణింపవచ్చును. రెండు సెకనులలో నాలుగు వాక్యములు వ్రాయు మానవుడు లేడు గదా! ఈ తనిఖీలు సర్వరునందే జరుగవలెను. పంపువాని యంత్రమున జరిపినచో బాట్ వానిని తప్పించుకొనును.

ఇవియు దాటి వచ్చు గడుసు బాట్‌లు కొన్ని యుండును. వానికొఱకే క్యాప్చా. అనుమానము తోచిన జాబులను వెంటనే నాశనము చేయక వేఱు బుట్టలో నుంచి, వారమున కొకమారైన ఒక మనిషి చూడవలెను. మీ సంఘపు వెబ్‌సైటును కట్టిన యువకుని పిలిచి, ఆ బుట్ట యెక్కడ నున్నదో, దానిని చూచువా రెవ్వరో అడుగుడు.