ఆటకు తోడువచ్చిన పొత్తములు



బెళ్ళందూరు పిల్లలు కొందరు సెలవునాడు బల్ల చుట్టును గూర్చుండి, పలు ముఖముల పాచికలు దొర్లించుచు, ఒక కథను తామే యల్లుకొనుచుండుట మీరు చూచియుందురు. చదువు మాని ఇదేమని మమ్మడిగినవారును గలరు. ఆ ఆటకు పరులు వ్రాసిన పుస్తకములను గురించి నాలుగు మాటలు మనవి చేయుదుము.

‘డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఈ యాటను 1974లో అమెరికాయందు గైగాక్స్, ఆర్నెసన్ అనువారు వెలువరించిరి. ఒకడు సూత్రధారుడై సన్నివేశమును వర్ణించును. తక్కినవారు తలకొక పాత్ర ధరించి, తామేమి చేయుదురో చెప్పుదురు. సందేహమున్నచోట పాచికయే తీర్పరి. 2000లో మూడవ కూర్పును ప్రకటించునప్పుడు విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ఒక వింత పని చేసెను. మూల నియమములను ఎవరైనను రుసుము లేకయే వాడుకొని తమ పుస్తకములు అచ్చువేసికొనవచ్చునని అనుమతించెను. ఇది ఔదార్యమే కాదు, వ్యాపారము కూడను. అనుబంధ మెవరు వ్రాసినను మూలగ్రంథము అమ్ముడుపోవును గదా!

అంతట పుస్తకములు వెల్లువెత్తినవి. గ్రీన్ రోనిన్ వారి ‘డెత్ ఇన్ ఫ్రీపోర్ట్’ ఆ యేడే వచ్చెను. ఓడదొంగల రేవుపట్టణము దానికి రంగము. మూలసంస్థవారి భూతకోశము కంటె ముందే ‘క్రియేచర్ కలెక్షన్’ అను పరుల భూతకోశము అంగళ్ళకెక్కెను. చెత్తయు కొల్లలుగా వచ్చినది. 2003లో నియమములు సవరింపబడగా ఎన్నో పుస్తకములు దుకాణములలోనే మూలబడెను.

మాకు మిక్కిలి ఇష్టమైనది 2002లో అట్లాస్ గేమ్స్ ప్రచురించిన ‘న్యాంబే’. క్రిస్ డొలంట్ రచించిన ఈ గ్రంథమునకు సహారాకు దక్షిణమునగల ఆఫ్రికా గాథలు ఆధారము. పూర్వపు సాహసకథలలో ఆఫ్రికా యనగా పరదేశి వీరుడు చొచ్చుకొనిపోవు అడవి. ఇందు వీరులు ఆ గడ్డ బిడ్డలే. నియమములు అవే, పాచికలు అవే. ఊరు మాత్రము వారిది.

ఈ పద్ధతి మనకు క్రొత్తయా? శశిరేఖా పరిణయము వ్యాసభారతమున లేదు, జనులు కల్పించుకొన్నది. 1957లో ‘మాయాబజార్’ చూచుచు, ఇది మూలమున లేదని చిత్రశాల విడిచి పోయినవారిని గూర్చి మేము వినలేదు.

మన పిల్లల ఆట యంతయు ఆంగ్లముననే సాగుచున్నది. ఆకలి, మంచినీళ్ళు అను రెండు మాటలకే బల్ల వద్ద తెలుగు వినబడుచున్నది. సాహసమునకును భయమునకును మన భాష పనికిరాదని వారు తలతురేమోయని మా దిగులు.

2023 జనవరిలో ఆ సంస్థ పాత అనుమతిని రద్దుచేయజూచెను. ఆటగాండ్రు తిరుగబడగా వెనుదీసి, ఐదవ కూర్పు మూలనియమములను క్రియేటివ్ కామన్స్ అనుమతితో లోకమునకు విడిచెను. మూలమును పేర్కొన్న చాలును, మనమును వ్రాసికొనవచ్చును.

కావున ఇంటికొక పుట వ్రాసి పంపుడు. మీ యూరి చెఱువు, పాడుపడిన కోట, అవ్వ చెప్పిన బ్రహ్మరాక్షసుడు, ఏదైనను సరియే. బలమెంత, ప్రాణమెంత యను అంకెలు పిల్లలే వేసికొందురు. మఱ్ఱిచెట్టుపై దయ్యమును వ్రాయువారు అది దేనికి భయపడునో కూడ వ్రాయవలెను. లేనిచో ఆట తెమలదు.