పెనాంగ్‌లో ఓడ దిగితే

సింగపూర్‌లో బయల్దేరే క్రూయిజ్ ఓడలు కొన్ని మలేషియాలోని పెనాంగ్‌లో పగలంతా ఆగుతాయి. అక్కడ ఓడవాళ్ల టూరు టికెట్టు కొనకండి, అవసరమే లేదు. స్వెటెన్‌హామ్ రేవు దాటి రోడ్డెక్కితే జార్జ్‌టౌన్ పాతపట్నమే. 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఊరు. కాళ్లు పీకితే ఉచిత క్యాట్ బస్సు ఉంది.

ఎండ ముదరకముందే చ్యూ జెట్టీకి వెళ్లండి. నీళ్లలో గుంజలు పాతి కట్టిన చెక్క ఇళ్లు. నడిచే పలకల సందుల్లోంచి కింద సముద్రం కనిపిస్తుంది. జనం కాపురముంటున్న ఇళ్లవి, దయచేసి గుమ్మాల్లోకి తొంగిచూడకండి.

మధ్యాహ్నం లిటిల్ ఇండియాలో భోజనం. ఆపైన చెండోల్ తప్పక తినండి: తురిమిన ఐసు, కొబ్బరిపాలు, బెల్లంపాకం, పచ్చటి సేమ్యాలాంటి పోగులు.

ఓడ టైము, ఊరి టైము ఒకటేనో కాదో దిగేముందే కనుక్కోండి. చివరి గంట మాత్రం రేవు దగ్గరే ఉండండి.