మరరంపమును దాని పూచీకాగితమును
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



 కులప్రతిష్ఠనుగూర్చియు, విద్యాభివృద్ధినిగూర్చియు నాకంటె పెద్దలు ప్రసంగించియున్నారు. నేను మాటలాడబూనినది మిక్కిలి చిన్న విషయము. చేతబట్టి కోయు మరరంపము చెడిపోయినచో దాని కెవరు పూచీ?

పూర్వ మీ ప్రశ్నయే లేదు. వడ్రంగికి బాడిసను, ఉలిని చేసియిచ్చువాడు మనలోని కమ్మరియే. పదును నిలువనిచో కొలిమియొద్దకు బోయి చూపినంతనే యతడు దానిని మరల కాచి, నీరుపట్టి యిచ్చెడివాడు. కాగితము లేదు, గడువు లేదు. చేసినవాని ముఖమే పూచీ. చేసినవాడును, వాడినవాడును ఒకే పెండ్లిపంక్తిలో భుజించువారు. చెడ్డయుక్కు నంటగట్టినవాడు ఆ పంక్తిలో నెట్లు కూర్చుండగలడు?

మరరంపము పుట్టిన విధము వినదగినది. అమెరికాలోని లూసియానా రాష్ట్రమున కూలీలు చెరకును కత్తులతో నరుకుట జూచి, ఎడ్మండ్ మిషెల్ అనునతడు ఆ కత్తికి విద్యుత్తు మోటారును బిగించిన నెట్లుండునని యోచించెనట. ఆ యోచననుండియే కొయ్యను గోయు చేతిమరరంపము వెలువడెను. 1924లో నతడు జోసెఫ్ సల్లివనుతో గూడి షికాగో నగరమున సంస్థను నెలకొల్పెను. ఉయ్యూరు చెరకుబండ్లను చూచుచు పెరిగిన మన కా యూహ తోచకపోయెను!

పెదనలో కలంకారీ అచ్చులు చెక్కువారికి నేటికిని ఉలియే ప్రాణము. ద్వారబంధములు, కిటికీలు, మంచములు చేయువారికి మాత్రము మరరంపము అన్నదాతయైనది. అయితే దానిని చేసినవాని ముఖమును మన మెన్నడును చూడము. ఆ ముఖమునకు బదులుగా మన చేతికి వచ్చునది వారంటీ కాగిత మొక్కటియే.

మా మేనల్లు డొకడు అప్పుజేసి యొక మరరంపమును కొనెను. అంగడి పేరు చెప్పను. దివిసీమలో నొక యింటిపనికై తాటిదూలములు కోయుచుండగా మూడవనెలలో పొగవచ్చి యది నిలిచిపోయెను. బాగుచేయువారు విప్పిచూచి, ఆర్మేచరు కాలినదనియు, అధికభారముచే కాలినదానికి వారంటీ వర్తింపదనియు చెప్పిరి. నేను మొదట మావాని పక్షమే పలికి, వారిని నాలుగు మాటలాడితిని. పిదప పనిచోటికి బోయి చూచితిని. మూడిండ్ల యవతలనుండి సన్నని తీగను లాగి కరెంటు తెచ్చియుండెను. అంత పొడవున సన్నని తీగలో వోల్టేజి పడిపోవును. మోటారు వేగము తగ్గును. దానిని చల్లార్చు గాలిరెక్కలు ఆ యిరుసుననే తిరుగును గావున గాలియు తగ్గును. పైపెచ్చు తాటికొయ్య నారలు పంటికి తగులుకొని లాగును. తప్పు మాదే. సొమ్ము చెల్లించి బాగుచేయించితిమి.

రెండు వారములైన పిదప మీట పనిచేయుట మానెను. ఈమారు తప్పు మాది కాదు. వారంటీ గడువును మిగిలియున్నది. కాని బిల్లెక్కడ? కొన్ననాడు ధర కొంత తగ్గునని ఆశపడి, బిల్లు వద్దని చీటితో తృప్తిపడినవాడు మావాడే. కార్డుమీద అంగడిముద్రయు లేదు. క్రొత్త మీటకై తిరిగిన పదిదినముల కూలి పోయెను. అప్పుమీది వడ్డీ మాత్రము నిలువలేదు.

అంగళ్లలో మనవారి కొకమాట చెప్పుచుందురు: “నీవు పనికోసము కొన్నావు, వినియోగదారుడవు కావు.” ఇది సగము మాత్రమే నిజము. 2020 జూలైలో అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము, వాణిజ్యార్థము కొన్నవానిని తొలగించుచునే, స్వయముగా పనిచేసికొని కేవలము జీవనార్జనకై కొన్నవానిని వినియోగదారునిగానే యెంచుచున్నది. రంపము బట్టి పొట్టబోసికొను వడ్రంగి యట్టివాడే. బిల్లీయకుండుట యా చట్టముప్రకారము అన్యాయపు వ్యాపారపద్ధతి. దోషమున్న వస్తువును బాగుచేయుమనియో, మార్చియిమ్మనియో, వెల తిరిగి యిమ్మనియో జిల్లా కమిషను ఆజ్ఞాపింపగలదు. ఫిర్యాదును రెండేండ్లలోపల చేయవలెను. సరకు కెక్కడనో కొన్నను, మన ముండు జిల్లాలోనే చేయవచ్చును. చెల్లించిన వెల అయిదు లక్షలకు మించనిచో రుసుము లేదు. 1915 అను నంబరునకు టెలిఫోను చేసినను సలహా లభించును.

ఇక కాగితము చదువు సంగతి. కార్బను బ్రష్షులు, రంపపుబిళ్లలు అరుగుటకే యున్నవి. సాధారణముగా వానికి వారంటీ యుండదు. బిళ్లపైని కాపును తీసివేసి పనిచేసినచో వారంటీ పోవుటయేగాక వ్రేళ్లును పోవును. నాగాయలంకలో పడవపని చేయువారు ఉప్పుగాలికి యంత్రమును బయట విడువక, ప్రతిసాయంకాలము పొట్టును తుడిచి పెట్టెలో నుంచవలెను.

భోజనానంతరము పందిలి తూర్పువైపున చదువుకొన్న మన కుర్రవారు నలుగురు కూర్చుందురు. వారంటీ కాగితములు ఇంగ్లీషులో నున్నవని మూల పడవేసినవారు రేపటి సభకైనను వానిని తెచ్చి చదివించుకొన గోరుచున్నాను. మా మేనల్లుడు క్రొత్తగా కొన్న యంత్రపు బిల్లుతో నచ్చటనే యుండును.